గోడ రంగు ఆఖరున: గదికి తగిన సామాను, పరదాలు, దీపాలు ఎంచుకునే క్రమం

బెంగళూరులో కొత్తగా ఇల్లు కుదుర్చుకున్న తెలుగువారు నన్ను మొదట అడిగే ప్రశ్న చాలావరకు ఒకటే. గోడలకు నచ్చిన రంగు వేయించి దానికి తగిన సోఫా, మంచం, పరదాలు వెతుక్కోవాలా, లేక సామాను కుదిరిన తర్వాత దానికి నప్పే రంగు గోడలకు వేయించుకోవాలా అన్నది వారి సందేహం. పదేళ్లకు పైగా ఈ ఊళ్లో ఇళ్ల లోపలి పనులు చేయిస్తున్నదాన్ని కాబట్టి, రెండో పద్ధతే మేలని తడుముకోకుండా చెబుతాను. రంగుల కంపెనీ పుస్తకం తెరిస్తే వెయ్యికి మించిన ఛాయలు కనిపిస్తాయి. నచ్చిన సోఫా గుడ్డ మాత్రం పది పదిహేను రంగుల్లోనే దొరుకుతుంది, టేకు మంచానికి టేకు రంగు తప్ప వేరే రంగు లేదు, కాళ్ల కింది టైల్స్ సంగతి మనం అడుగుపెట్టక ముందే బిల్డరు తేల్చేసి ఉంటాడు. ఎంచుకునే వీలు ఎక్కడ తక్కువగా ఉందో అక్కడ మొదలుపెట్టి, ఎక్కడ ఎక్కువగా ఉందో అక్కడ ముగిస్తే పని సుఖంగా సాగుతుంది. ఆ లెక్కన ముందు నేల, తర్వాత కొయ్య, ఆ పైన సోఫా, పరదాల వంటి పెద్ద గుడ్డలు, అప్పుడు గోడ, అన్నిటికన్నా చివర దిండ్లూ బొమ్మలూ వస్తాయి.

ఖర్చు కోణం నుంచి చూసినా ఇదే క్రమం నిలుస్తుంది. వైట్‌ఫీల్డ్‌లో ఒక దంపతులు హాలు గోడలన్నిటికీ లేత వంగపండు రంగు వేయించి, ఆ తర్వాత నెల రోజులు సోఫా కోసం తిరిగారు. పుట్టింటివారిచ్చిన టేకు భోజనబల్ల ఒకవైపు, పసుపు ఛాయ ఉన్న టైల్స్ ఇంకోవైపు, మధ్యలో ఆ గోడలు. దేనికది చూస్తే అందంగానే ఉంది, మూడూ ఒక గదిలో చేరేసరికి ఒకదానికొకటి పడలేదు. చివరికి గోడలకే మళ్లీ రంగు వేయించుకున్నారు, అది మూడు రోజుల్లో ముగిసింది. అదే తప్పు సోఫా విషయంలో జరిగి ఉంటే మూడు రోజుల్లో దిద్దుకోగలిగేది కాదు. తిరిగి చేయించుకోవడం తేలికైన పనిని ఆఖరుకు ఉంచుకోవాలని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

అద్దె ఇంట్లో ఈ క్రమం కాస్త మారుతుంది. ఈ ఊళ్లో ఇల్లు ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు అడ్వాన్సులోంచి పట్టుకోవడం మామూలే కాబట్టి, మీ డబ్బుతో గోడలకు రంగు వేయించడం రెండు విధాలా నష్టం. అలాంటప్పుడు గోడను కూడా నేలలాగే మార్చలేనిదిగా లెక్కించి, ఆ రెండింటికీ కుదిరే సామాను చూసుకోవాలి. గోడ మీద పెట్టదలచిన డబ్బును పరదాలు, తివాచీ, దీపాలు వంటి వెంట తీసుకుపోగలిగిన వాటి మీద పెట్టడం మంచిది. రెండేళ్లలోపు ఊరు మారేవారికి సామాను నెల అద్దెకు తెచ్చుకునే పద్ధతి కూడా ఉంది. అద్దెకు దొరికే సోఫాలూ మంచాలూ చాలావరకు గోధుమ, బూడిద రంగుల్లోనే ఉంటాయి కాబట్టి, గదిలో రంగంతా దిండ్లూ దుప్పట్లే తేవాలి. సొంత ఇంటివారు ఈ పద్ధతి జోలికి పోనక్కరలేదు.

నేలను బట్టి

ఇక్కడి అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా కనిపించేది మీగడ రంగు విట్రిఫైడ్ టైల్స్. అన్నీ ఒకేలా అనిపిస్తాయి గానీ, కొన్నిటిలో పసుపు, కొన్నిటిలో గులాబీ, కొన్నిటిలో బూడిద ఛాయ దాగి ఉంటుంది. నిలబడి చూస్తే అది తెలియదు. పగటిపూట ఒక తెల్ల కాగితం నేల మీద పరచి, పక్కనే కింద కూర్చుని చూడండి. కాగితం అంచు దగ్గర టైల్ తన అసలు రంగు బయటపెడుతుంది. ఐదు నిమిషాలు పట్టే ఈ పని చేయకుండా సోఫా కొనవద్దని నేను అందరికీ చెబుతాను, ఎందుకంటే తర్వాతి నిర్ణయాలన్నీ ఈ ఒక్కదాని మీదే ఆధారపడతాయి.

పసుపు ఛాయ ఉన్న నేలకు తేనె రంగు కొయ్య, మెంతి రంగు, ఇటుక రంగు, పాచి రంగు చక్కగా అమరుతాయి. అదే నేల మీద మెరిసే తెల్లటి బల్లలు పెడితే బల్లలు చల్లగా, నేల మురికిగా కనిపిస్తుంది. నేలను ఎంత తుడిచినా ఆ మురికి పోదు, ఎందుకంటే అది మురికి కాదు, పోలిక వల్ల పైకి తేలిన పసుపు. బూడిద ఛాయ ఉన్న నేల దీనికి సరిగ్గా ఎదురు. దాని మీద ముదురు గోధుమ కొయ్య, నీలిమందు రంగు, బొగ్గు రంగు నిండుగా కనిపిస్తాయి, లేత టేకు మాత్రం నారింజ రంగులోకి తిరుగుతుంది. గులాబీ ఛాయ నేల అన్నిటికన్నా కష్టం. దానికి ఉల్లిపొర రంగు, ముక్కుపొడి రంగు తప్ప నాకు వేరే మంచి జంటలు దొరకలేదు. అలాంటి ఇంట్లో పెద్ద తివాచీతో నేలను చాలావరకు కప్పేయడమే మేలు.

బసవనగుడి, మల్లేశ్వరం వంటి పాత పేటల్లో ఎర్ర గచ్చు ఇళ్లు ఇంకా మిగిలి ఉన్నాయి. అలాంటి ఇల్లు దొరికినవారు అదృష్టవంతులని నా నమ్మకం. మన ఊళ్లలో తాతల నాటి ఇళ్లలో నడిచిన నేల అది, నూనె గుడ్డతో తుడిచిన కొద్దీ నిగ్గుదేలుతుంది. అయితే ఆ నేల తానే ఒక గట్టి రంగు కాబట్టి, గదిలో దానికి పోటీ వచ్చే ఎరుపు ఉండకూడదు. మెరూన్ సోఫా, ఎర్రటి పాలిష్ పట్టించిన బల్లలు ఇక్కడ పూర్తిగా తప్పు. గచ్చు ఎరుపులో మట్టి పసుపు ఉంటుంది, మెరూన్‌లో నీలం ఉంటుంది, రెండూ ఎదురెదురుగా చేరితే రెండూ మాసినట్లు కనిపిస్తాయి. సున్నపు తెలుపు గోడలు, నల్లబడిన పాత టేకు లేదా పేము కుర్చీలు, కోరా నూలు పరదాలు, ఒకటి రెండు ముదురు నీలం దిండ్లు ఉంటే ఆ నేలకు అంతకుమించి ఏమీ అక్కరలేదు. తివాచీ పరచినా గచ్చు అంచులు నాలుగువైపులా విశాలంగా కనిపించాలి.

వెలుతురు ఎటు నుంచి వస్తోంది

బెంగళూరు సుమారు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏటా ఏప్రిల్ 24, ఆగస్టు 18 ప్రాంతాల్లో మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి, నిలువు వస్తువుకు నీడ లేకుండా పోతుంది. ఆ రెండు తేదీల మధ్య సూర్యుడు కాస్త ఉత్తరానికి జరుగుతాడు, మిగిలిన కాలమంతా దక్షిణం వైపే ఉంటాడు. దీన్నిబట్టి ఉత్తరపు కిటికీ గదికి సంవత్సరంలో ఎక్కువ భాగం ఎండ పడని, కాస్త నీలిగా ఉండే నిలకడైన వెలుతురు వస్తుందని, దక్షిణపు కిటికీ గదిలో చలికాలమంతా ఎండ లోపలి దాకా వస్తుందని అర్థం చేసుకోవచ్చు. తూర్పు గదికి ఉదయపు బంగారు వెలుగు, పడమటి గదికి సాయంత్రపు నారింజ వెలుగు వస్తాయి. వీటికి తోడు జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆకాశం చాలా రోజులు మబ్బుపట్టే ఉంటుంది. అప్పుడు ఏ దిక్కు గదికైనా బూడిద వెలుతురే గతి.

ఉత్తరపు గదికి, పడమటి గదికి ఒకే సామాను ఎంచుకుంటే రెండింటిలో ఒకటి తప్పకుండా చెడుతుంది. ఉత్తరపు గదిలో బూడిద, లేత నీలం, మంచు తెలుపు మరింత చల్లబడి నిర్జీవంగా ఉంటాయి. అక్కడ గంధం రంగు, తేనె రంగు కొయ్య, ఇత్తడి, మామిడిచిగురు వంటివి గదికి ప్రాణం పోస్తాయి. పడమటి గదిలో అవే రంగులు సాయంత్రం నాలుగు దాటితే మండుతున్నట్లు అనిపిస్తాయి కాబట్టి, అక్కడ లేత ఆకుపచ్చ, నీలం, బూడిద నయం. పడమటి ఎండ గుడ్డలను వెలిసిపోయేలా చేస్తుంది కనుక ఖరీదైన ముదురు రంగు సోఫాను ఆ కిటికీ పక్కన పెట్టకపోవడమే మంచిది.

దిక్కుతో పాటు ఎదురుగా ఏముందో కూడా చూడాలి. బెల్లందూరులో ఒక మూడో అంతస్తు ఇంట్లో ఉత్తరపు హాలుకు నేను లెక్కప్రకారం పసుపు కలిసిన తెలుపు సూచించాను. గోడకు మొదటి కోటు వేశాక చూస్తే అది నేరుగా కనకాంబరం రంగులో కనిపించింది. కిటికీకి ఎదురుగా కొద్ది దూరంలోనే ఉన్న పక్క టవర్ గోడలకు ఇటుక రంగు వేసి ఉంది, ఎండ దాని మీద పడి ఆ రంగు మోసుకుని మా గదిలోకి వస్తోంది. అప్పటి నుంచి ఏ ఇంటికి వెళ్లినా ముందు కిటికీ దగ్గర నిలబడి బయటికి చూసిన తర్వాతే లోపలి సంగతి మాట్లాడుతున్నాను.

రాత్రి దీపాల ఎంపిక కూడా రంగుల ఎంపికలో భాగమే. ఎల్‌ఈడీ డబ్బా మీద ముద్రించిన కెల్విన్ అంకెను చూడండి. 2,700 నుంచి 3,000 దాకా ఉంటే పసుపు వెలుగు, 4,000 దగ్గర ఉంటే మధ్యస్థం, 6,500 ఉంటే నీలం తేలిన తెలుపు. 6,500 దీపం కింద టేకు కొయ్య, ఇత్తడి, ఇటుక రంగు గుడ్డలు పాలిపోతాయి. 2,700 దీపం కింద నీలం గుడ్డలు మసకబారతాయి. రెండు రకాల సామానూ కలిసిన హాలుకు 4,000 నాకు నచ్చిన రాజీ, పడకగదికి 3,000. ఒకే గదిలో రెండు రకాల వెలుగులు కలపవద్దు. రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో తెలిపే సీఆర్‌ఐ అంకె కూడా మంచి దీపాల డబ్బాల మీద ఉంటుంది. 80 సాధారణం, 90 దొరికితే కుంకుమ ఎరుపు కుంకుమలాగే కనిపిస్తుంది. బి.వి.కె. అయ్యంగార్ రోడ్డులో దీపాల కొట్లు వరుసగా ఉన్నాయి కాబట్టి, సోఫా గుడ్డ ముక్క వెంట తీసుకెళ్లి రెండు మూడు రకాల వెలుగుల కింద చూడవచ్చు.

మూడు పద్ధతులు, చీర లెక్క

గదిలో ముఖ్యమైన రంగు 60 పాళ్లు, దానికి తోడు రంగు 30 పాళ్లు, మెరుపు రంగు 10 పాళ్లు ఉండాలని అలంకరణ పాఠాల్లో చెబుతారు. చీర కట్టిన చేతులకు ఇది కొత్త లెక్క కాదు. ఒళ్లంతా ఒక రంగు, అంచుకు మరో రంగు, కొంగులో ఒక మెరుపు అన్నదే ఆ లెక్క. గోడలూ నేలా చీర ఒళ్లు అనుకుంటే, సోఫా, పరదాలు, మంచం కలిసి అంచు అవుతాయి, దిండ్లూ బొమ్మలూ కొంగు అవుతాయి. అంచు వెడల్పు చీర ఒంటితో సమానమైతే ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో, గోడకూ సోఫాకూ సమానమైన జోరు ఉన్న రంగులు వేస్తే గది అంత ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఈ పాళ్లను నింపడానికి మూడు పద్ధతులున్నాయి. ఒకే రంగులోని లేత, ముదురు ఛాయలతో గదంతా నింపడం మొదటిది. ఇది కళ్లకు విశ్రాంతినిస్తుంది, చిన్న గదిని పెద్దదిగా చూపిస్తుంది. కానీ అన్నీ నున్నటి గుడ్డలే అయితే చప్పగా ఉంటుంది కాబట్టి, నార, ముతక నూలు, కొయ్య, పేము వంటి తాకితే తేడా తెలిసే వస్తువులు కలపాలి. నీలం పక్కన ఇటుక రంగు, ఆకుపచ్చ పక్కన కుంకుమ రంగు లాగా ఎదురెదురు రంగులను జత చేయడం రెండోది. ఇది మన కళ్లకు అలవాటైన, పండగ కళ ఉన్న పద్ధతి, కానీ పాళ్లు తప్పితే మూడు నెలల్లో విసుగు పుట్టిస్తుంది. గోడ, సోఫా, నేల అన్నిటినీ తెలుపు, గంధం, బూడిద వంటి రంగుల్లో ఉంచి, ఒకే ఒక్క గట్టి రంగును దిండ్లలో, తివాచీలో చూపించడం మూడోది. ఇందులో తప్పు చేసినా నాలుగు దిండు గలీబులు మారిస్తే సరిపోతుంది.

ఈ మూడింటిలో, హాలూ భోజనాల చోటూ కలిసిపోయి ఉండే రెండు పడకగదుల అపార్ట్‌మెంటుకు మూడో పద్ధతి సూచిస్తాను. వచ్చేపోయేవారు, పిల్లలు, పండగలు, మారే అభిరుచులు అన్నిటికీ అది తట్టుకుంటుంది. పడకగదికి మాత్రం మొదటిదే నాకు ఎక్కువ ఇష్టం. రెండో పద్ధతి అందమైనదే, కానీ ఎప్పటికప్పుడు వస్తువులు కొని చేర్చే అలవాటున్న ఇంటికి పనికిరాదు, ఎందుకంటే కొత్తగా వచ్చే ప్రతి వస్తువూ ఆ రెండు రంగుల్లో ఏదో ఒకదాని పక్షం చేరి తూకం చెడగొడుతుంది.

కొయ్యకు కొయ్యను జత చేయడం

మన ఇళ్లలో ఈ సమస్య తరచుగా వస్తుంది. ఊరి నుంచి తెచ్చిన పాత టేకు బీరువా, కొత్తగా చేయించిన టీవీ బల్ల, ఆన్‌లైన్‌లో కొన్న షీషమ్ కుర్చీలు ఒకే గదిలో చేరతాయి. అన్నిటినీ ఒకే రంగుకు తేవాలని చాలామంది ప్రయత్నిస్తారు, అది కుదరదు. కొత్తగా చిత్రిక పట్టిన టేకు లేత పసుపు గోధుమలో ఉండి, వెలుతురు తగిలిన కొద్దీ కొన్ని నెలల్లో బంగారు గోధుమకు తిరుగుతుంది. జిట్రేగి (రోజ్‌వుడ్) కొయ్యలో ఊదా కలిసిన ముదురు గోధుమ ఉంటుంది. షీషమ్‌లో నల్లని చారలు ఉంటాయి. రబ్బరు కొయ్య సహజంగా పాలిపోయిన మీగడ రంగు కాబట్టి దాని మీద కనిపించేదంతా పూసిన రంగే. టేకు అని పేరు పెట్టిన సన్‌మైకా (పలక మీద అతికించే లామినేట్ రేకు) అసలు టేకు పక్కన చేరితే రెండూ దగ్గర దగ్గరగా ఉండి కలవవు, ఆ కొద్దిపాటి తేడాయే కంటికి గుచ్చుకుంటుంది.

అందువల్ల కొయ్య రంగులను కలిపే ప్రయత్నం కన్నా స్పష్టంగా విడదీసే ప్రయత్నం మంచి ఫలితమిస్తుంది. లోపలి ఛాయ ఒకటిగా, ముదురు లేత తేడా పెద్దదిగా ఉండాలి. పసుపు ఛాయ ఉన్న టేకు బీరువా పక్కన పసుపు ఛాయే ఉన్న బాగా ముదురు బల్ల పెట్టవచ్చు. దాని పక్కన ఊదా ఛాయ ఉన్న జిట్రేగి రంగు బల్ల పెడితే రెండూ పోట్లాడుకుంటాయి. కొత్తగా చేయించే బల్లకు అసలు కొయ్య రంగే వద్దనుకుని గంధం రంగు, బూడిద రంగు లామినేట్ వేయించడం ఇంకా సులువు. అప్పుడు పాత టేకు ఒంటరిగా, హుందాగా నిలబడుతుంది. గదిలో రెండు కొయ్య రంగులు సరిపోతాయి, మూడోది వస్తే తివాచీ, పరదాలు మౌనంగా ఉండాలి. తాతల నాటి టేకును వాల్‌నట్ రంగుకు మార్చేలా పాలిష్ పట్టించమని అడిగేవారిని నేను వీలైనంత వరకు ఆపుతాను. డెబ్బై ఏళ్లు పట్టి వచ్చిన రంగును కొత్త సోఫా కోసం చెరిపేయడం నాకు మనస్కరించదు.

నిగనిగలాడే లామినేట్‌కు, మెరుపు లేని లామినేట్‌కు మధ్య ఎంపికలో నేను మెరుపు లేనిదాని పక్షమే. నిగనిగలాడే తెల్ల వార్డ్‌రోబు తెల్లగా ఉండదు, ఎదురుగా ఉన్న పరదా రంగును అద్దంలా పట్టి చూపిస్తుంది. ఎర్ర పరదాలున్న గదిలో అది గులాబీ వార్డ్‌రోబు అవుతుంది. వేలిముద్రల సంగతి సరేసరి.

సోఫా

నా సొంత ఇంట్లో నేను చేసిన పొరపాటు ఇక్కడ చెప్పాలి. 2015లో మారతహళ్లిలో అద్దెకు దిగిన కొత్తలో ఒక పెద్ద కొట్లో బూడిద రంగు సోఫా కొన్నాను. కొట్లో అది అచ్చం వాన మబ్బు రంగులో ఉంది. అట్టలు విప్పి గోడకు ఆనించిన సాయంత్రం, ఊరి నుంచి వచ్చిన మా అమ్మ గుమ్మంలోనే ఆగి, “ఏమ్మా, బూడిద రంగు అన్నావు కదా, ఇదేంటి నేరేడుపండు రంగులో ఉంది?” అంది. ఆమె మాట నిజం. గుడ్డ మార్చి పంపారేమోనని కొట్టువారిని గట్టిగా అడిగాను. వారు పంపిన నమూనా ముక్కను సోఫా మీద పెట్టి చూస్తే రెండూ ఒకటే. లోపం గుడ్డలో కాదు, గోడలో ఉంది. మా అద్దె ఇంటి గోడలు చిక్కటి పసుపు మీగడ రంగు. అంత పసుపు పక్కన చేరిన బూడిద రంగుకు కన్ను తనంతట తానే దాని ఎదురు రంగైన ఊదాను అంటగడుతుంది.

ఈ సంగతిని శాస్త్రంగా నిలబెట్టినవాడు ఫ్రాన్సు రసాయన శాస్త్రవేత్త మిషెల్ ఎజెన్ షెవ్రూల్. పారిస్‌లోని గోబెలిన్స్ నేత కర్మాగారంలో అద్దకాల విభాగాన్ని చూసుకునే రోజుల్లో, నల్ల నూలు నిండుగా ఉండడం లేదని ఫిర్యాదులు వస్తే, ఆయన పరిశీలించి లోపం అద్దకంలో లేదని, నలుపు పక్కన నేసిన రంగుల ప్రభావమేనని తేల్చి, 1839లో ఆ సూత్రాలను ప్రచురించాడు.

ఆ సంగతి అప్పటికి నాకు తెలియక, సోఫాకు వెచ్చదనం తేవాలని ఆవపిండి రంగు దిండ్లు కొని తెచ్చాను. దాంతో ఊదా ఇంకా పెరిగింది. మరునాడు అమ్మ తన పెట్టెలోంచి ముదురు నీలం పోచంపల్లి దుప్పటి తీసి సోఫా వీపు మీద పరిచింది. నిజమైన నీలం పక్కకు వచ్చేసరికి సోఫా తన ఊదాను వదులుకుని మళ్లీ బూడిద రంగుకు తిరిగింది. ఆ దుప్పటి ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా అక్కడే ఉంది.

కాబట్టి సోఫా రంగుల్లో బూడిద రంగును భద్రమైన ఎంపిక అనుకోవద్దు. పక్క రంగుకు ఇట్టే లొంగిపోయే రంగు అది. పసుపు ఛాయ గోడలు, పసుపు ఛాయ నేల ఉన్న ఇంట్లో గోధుమ, పాచి, ఇటుక రంగుల సోఫా దానికన్నా నిలకడగా ఉంటుంది. బూడిద ఛాయ నేల ఉన్న ఇంట్లో బూడిద, నీలం సోఫాలు బాగుంటాయి. లేత మీగడ సోఫా చూడ్డానికి ముచ్చటగా ఉన్నా, మెట్రో పనుల దుమ్ము లేచే రోడ్ల పక్క ఇళ్లకు, చిన్నపిల్లలున్న ఇళ్లకు ఉతికే తొడుగులు ఉంటేనే పనికొస్తుంది. గుడ్డ మన్నిక కోసం, అది ఎన్ని రాపిడులకు తట్టుకుంటుందో తెలిపే మార్టిండేల్ అంకె అడగండి. రోజూ కూర్చునే సోఫాకు అది 15,000కు తగ్గకూడదు, 25,000 ఉంటే నిశ్చింత. రంగు తేల్చుకునే ముందు కనీసం అడుగు పొడవున్న గుడ్డ ముక్క ఇంటికి తెచ్చి, సోఫా పెట్టబోయే చోట గోడకు నిలబెట్టి, ఉదయం, మధ్యాహ్నం, దీపాలు వేశాక చూడండి. ఏ ఒక్క వేళలోనూ నచ్చకపోతే కొనవద్దు. ఒకటి రెండు వేళల్లోనే నచ్చితే, ఆ గదిలో మీరు ఎక్కువగా గడిపే వేళను బట్టి తేల్చుకోండి.

గోడ, పరదాలు, తివాచీ, చిన్న వస్తువులు

ఇంతదాకా వచ్చాక గోడ రంగు కష్టం కాదు. సోఫా గుడ్డ, కొయ్య ముక్క, టైల్ ముక్క ముందు పెట్టుకుని, టైల్‌లో ఉన్న ఛాయే ఉన్న లేత రంగులు నాలుగు ఏరండి. చాలా కంపెనీల పుస్తకాల్లో ప్రతి రంగుకూ అది ఎంత వెలుతురు తిప్పికొడుతుందో తెలిపే ఎల్‌ఆర్‌వీ అంకె, నలుపుకు 0, తెలుపుకు 100 అన్న కొలమానం మీద ఉంటుంది. వెలుతురు తక్కువైన హాలుకు 60కి పైన ఉన్నవే చూడమంటాను. ఏరిన రంగులను గోడ మీద పూయకుండా పెద్ద డ్రాయింగ్ షీటు మీద రెండు కోట్లు వేసి, షీటును గోడ గోడకూ మార్చి చూడండి. పాత రంగు మీద వేసిన చిన్న మచ్చ, ఆ పాత రంగు ప్రభావం వల్ల మిమ్మల్ని మోసం చేస్తుంది.

పరదాలను గోడ రంగులోనే ఒక మెట్టు ముదురుగా తీసుకుంటే చిన్న గది ప్రశాంతంగా ఉంటుంది. సోఫా రంగుకు కలిపితే గది కుదించుకుపోయినట్లు అనిపిస్తుంది గానీ, పెద్ద హాలులో నిండుదనం వస్తుంది. సోఫా మీద పూలు ఉంటే పరదాలు సాదాగా ఉండాలి. తివాచీలో సోఫా రంగు, కొయ్య రంగు రెండూ కొద్దికొద్దిగా ఉంటే మిగిలినవన్నీ కలిసిపోతాయి. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాలు ఈ పనికి నాకు బాగా నచ్చుతాయి. అవి నూలువి, ఉతకవచ్చు, గీతల్లో మూడు నాలుగు రంగులు కలిసి ఉంటాయి కాబట్టి ఏ సామానుకైనా ఒక చుట్టం దొరుకుతుంది. ఏలూరు తివాచీ బరువైనది, నిండైన రంగులది, దాన్ని గది మొత్తానికి కొంగుగా ఎంచుకోవాలి తప్ప ఇంకో మెరుపు పక్కన పెట్టకూడదు.

బొమ్మల విషయంలో తెలుగువారికి, కన్నడదేశంలో ఉన్నందుకు మరొక వరం కలిసొచ్చింది. ఏటికొప్పాక బొమ్మలు, బెంగళూరుకు సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని చన్నపట్టణ బొమ్మలు సంప్రదాయంగా ఒకే అంకుడు కొయ్యతో, ఒకే లక్క పూతతో తయారవుతాయి. అందుకే రెండూ ఒక అలమరలో పక్కపక్కన పెడితే తోబుట్టువుల్లా ఉంటాయి. కొండపల్లి బొమ్మలది వేరే జాతి. తేలికైన తెల్ల పొణికి కొయ్య మీద కుంచెతో దిద్దిన గట్టి రంగులు వాటివి. వాటి వెనుక గోడ గానీ అలమర పలక గానీ సాదాగా, లేతగా ఉండాలి, లేకపోతే దశావతారాల ముఖాలు కనిపించకుండా పోతాయి. పెడన అచ్చు కలంకారీ గుడ్డను దిండ్లకు వాడదలిస్తే దానిలోని ఎరుపు, నీలి రంగు టేకుకు ఎంతో బాగుంటాయి, బూడిద నేలకు మాత్రం ఎరుపు తగ్గి నీలం పెరిగిన ముక్కలు ఏరుకోవాలి. ఇత్తడి దీపాలు, గంటలు పసుపు ఛాయ ఇంటికి సహజంగా నప్పుతాయి. తలుపుల పిడులు స్టీలువి అయితే ఇత్తడిని పూజ గదికి, ఒక మూలకు పరిమితం చేయండి.

కొనడానికి బయలుదేరే రోజు ఒక చిన్న జిప్పు సంచిలో టైల్ ముక్క, లామినేట్ ముక్క, సోఫా గుడ్డ ముక్క, రంగు పూసిన షీటు నుంచి కత్తిరించిన చదరం పెట్టుకోండి. బిల్డరు దగ్గర మిగిలిన టైల్ ముక్కలు అడిగితే ఇస్తారు. చిక్కపేటలో పరదా గుడ్డలు చూసేటప్పుడు కొట్టు లోపలి దీపాల కింద కాకుండా, తానును గుమ్మం దాకా తెప్పించుకుని పగటి వెలుగులో ఆ ముక్కల పక్కన పెట్టి చూడండి. కొట్టు వెలుగులో కలిసిన రెండు రంగులు ఎండలో విడిపోవడం తరచుగా జరుగుతుంది, ఎందుకంటే వాటి అద్దకాలు వేరు. కొట్టువారు విసుక్కోరు, అక్కడ అది రోజూ జరిగేదే. గుమ్మం దాకా తేలేని సోఫా, తివాచీ వంటి వాటికి మాత్రం, ఇంట్లో పెట్టి చూశాక రంగు నప్పకపోతే ఎన్ని రోజుల్లోపు తిరిగి తీసుకుంటారో బిల్లు మీదే రాయించుకోండి.